తొట్టి నిండుగానే ఉంది, కోళ్లు మాత్రం దాహంతో ఉన్నాయి

నేను కోళ్లను పెంచడం మొదలుపెట్టిన తొలి చలికాలంలో నా పెట్టలు ఒక పగలంతా, మర్నాడు మధ్యాహ్నం వరకు నీళ్లు లేకుండా గడిపాయి. నీళ్లు పోయడం నేను మరిచిపోలేదు. అప్పట్లో నా దగ్గర ఆరు పెట్టలు ఉండేవి. వాటికి వాడిన తొట్టి చాలామంది పెరళ్లలో కనిపించేదే: మధ్యలో నీళ్లు నిలవ ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, దాని అడుగున చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఒక గాడి. గాడిలో నీళ్లు తగ్గినకొద్దీ డబ్బాలోంచి దిగి మళ్లీ నిండుతుంటాయి. వంటింటి కిటికీలోంచి చూస్తే డబ్బాలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో స్పష్టంగా తెలిసేది. ఆ రెండు రోజులూ నేను కిటికీలోంచే చూశాను. డబ్బా ముప్పాతిక వంతు నిండి కనబడింది కాబట్టి ఏ అనుమానమూ రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం గుడ్లు తీయడానికి వెళ్తే ఒక్కటే గుడ్డు ఉంది. దాణా డబ్బా మూత తీసి చూస్తే ముందురోజు పొద్దున పోసింది పోసినట్టే ఉంది. మామూలుగా ఆ మూత చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చే పెట్టలు ఆ రోజు ఉన్నచోటి నుంచి కదలలేదు. అప్పుడు తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. డబ్బాలోని నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి గాని, గాడిలో ఉన్నదంతా గాజులా గట్టిపడిపోయింది. ఆ మంచు మీద చిన్న చిన్న గుంటలు, వాటి చుట్టూ తెల్లని గీతలు కనిపించాయి. అవి ముక్కులతో పొడిచి పొడిచి వదిలేసిన గుర్తులు. ఒకచోట రెట్ట కూడా మంచులోనే ఇరుక్కుని గడ్డకట్టి ఉంది. ఇంట్లోకి పరుగెత్తి వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చి పెట్టాను. ఆరూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, ముక్కు ముంచి తల ఎత్తి, ముంచి ఎత్తి, ఆపకుండా తాగాయి. రోజుకు నాలుగైదు గుడ్లు ఇస్తున్న ఆ పెట్టలు మళ్లీ ఆ లెక్కకు చేరడానికి దాదాపు మూడు వారాలు పట్టింది.

అప్పటి నుంచి ఈ విషయం గురించి ఎవరు మాట్లాడినా నేను ఊరుకోలేకపోతున్నాను. కోళ్ల నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా దాన్ని రెండు ముక్కలు చేస్తారు. గడ్డకట్టడం చలికాలపు సమస్య, దానికి ఏదో ఒక పరికరం కొంటే తీరిపోతుంది. శుభ్రత ఎండాకాలపు సమస్య, నాచు పట్టినప్పుడు తోమితే సరిపోతుంది అన్నది వాళ్ల ధోరణి. ఈ రెండూ ఒకే పని అని నేను అనుకుంటున్నాను. కోడి తాగే వేళకు, దాని ముక్కు అందే చోట, తాగదగిన నీళ్లు ఉన్నాయా లేదా అన్నది ఒక మనిషి దగ్గరికి వెళ్లి చూసి తెలుసుకోవడమే ఆ పని. అలా చూడవలసిన అవసరం లేకుండా చేస్తామని చెప్పే ఏర్పాటు ఏదైనా సరే, చివరికి నా కిటికీ చేసిన మోసమే చేస్తుంది.

కోడికి నీళ్లు ఎంత ముఖ్యమో దాణా కొనేటప్పుడు ఆలోచించినంతగా మనం ఆలోచించం. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. చల్లని రోజుల్లో దానికి దాదాపు రెట్టింపు బరువు నీళ్లు, అంటే పావు లీటరు దాకా తాగుతుంది. ఎండలు ముదిరితే అది అర లీటరు కావచ్చు, ఇంకా పెరగనూ వచ్చు. ఎందుకంటే కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పుతూ తడిని ఆవిరి చేయడమే దానికి ఒళ్లు చల్లబరుచుకునే ప్రధానమైన దారి. కాబట్టి వేసవిలో నీళ్లు కావాలని ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. చలికాలంలో నీళ్లు ఎందుకు కావాలో మాత్రం చెప్పాలి. తిన్న దాణా మొదట మెడ కింద ఉన్న మేతసంచిలో చేరి నీళ్లతో నాని మెత్తబడుతుంది, ఆ తర్వాతే అది ముందుకు కదిలి కందనకాయలో నలుగుతుంది. నీళ్లు అందకపోతే కోడి పొడి దాణా ముట్టడం మానేస్తుంది. అలా మానేయడం దాని శరీరం చేసుకునే జాగ్రత్త. అయితే చలిలో ఒంటి వేడిని నిలబెట్టేది తిండే కాబట్టి, దాహంతో మొదలైనది ఆకలిగా మారి, ఆకలి చలిగా మారుతుంది. ఇలా ఒకే రోజులో మూడు కష్టాలు వచ్చి పడతాయి, చూసేవాళ్లకు మాత్రం కోళ్లు ఒక మూలన నిశ్శబ్దంగా నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది.

గుడ్డు సంగతి మరీ స్పష్టం. పెంకు తీసేస్తే గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే. తెల్లసొనలో అయితే సుమారు 88 శాతం. అరవై గ్రాముల గుడ్డు ఒకటి పెట్టడానికి పెట్ట తన ఒంట్లోంచి నలభై గ్రాముల నీళ్లు బయటికి ఇచ్చేస్తోంది. గుడ్డు తయారు కావడానికి ఒక రోజు పైన పడుతుంది. పెంకు కట్టుకునే ముందు తెల్లసొనలోకి నీళ్లు చేరి అది ఉబ్బడం అందులో ఒక దశ. ఆ నీళ్లు ఎక్కడి నుంచి రావాలి? కొన్ని గంటల పాటు నీళ్లు లేకపోతేనే గుడ్ల లెక్క తగ్గుతుంది. ఒక రోజు దాటితే వారాల తరబడి కోలుకోవు, ఇంకా ఎక్కువైతే పెట్టలు గుడ్లు పూర్తిగా ఆపేసి ఈకలు రాల్చడం మొదలుపెడతాయి. చలికాలంలో పగటి వెలుతురు తక్కువ కాబట్టి గుడ్లు తగ్గుతాయన్నది నిజమే. ఆ నిజం వెనకే ఎన్నో గడ్డకట్టిన తొట్లు దాక్కుంటాయని నా అనుమానం, ఎందుకంటే మొదటి రోజు నేను కూడా తప్పు వెలుతురు మీదికే నెట్టాను.

కోడి నీళ్లు తాగే తీరును ఒకసారి దగ్గర కూర్చుని గమనించాలి. పావురం ముక్కు ముంచి తల ఎత్తకుండా పీల్చుకోగలదు, కోడి అలా పీల్చలేదు. కింది ముక్కుతో కాసిని నీళ్లు తోడుకుని, తల పైకెత్తి, మెడ సాచి, ఆ గుక్కను గొంతులోకి జారనివ్వాలి. అలా పదులసార్లు చేస్తే గాని దాని దాహం తీరదు. అంటే దానికి ముక్కు మునిగేంత లోతున కదిలే నీళ్లు కావాలి. పైన పలుచని పొర కట్టినా, అడుగున తడి మిగిలి ఉన్నా దానికి ఉపయోగం లేదు. ఎంత పలుచని పొర అయినా పొడిచి పగలగొట్టుకుంటాయి కదా అని కొందరు అంటారు. కోడి పొడుస్తుంది, ముక్కు నొప్పి పుడితే మానేస్తుంది. పెంపుడు కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి వేడి ప్రాంతపు అడవుల పక్షి. మంచు కింద నీళ్లు ఉంటాయన్న ఎరుక ఆ వంశంలో ఎక్కడి నుంచి వస్తుంది? చలి దేశాలకు దాన్ని తీసుకెళ్లింది మనుషులు, కంచె కట్టి పారే నీళ్ల దాకా పోనివ్వకుండా ఆపిందీ మనుషులే.

కోళ్లు మంచు తిని బతుకుతాయనే వాదన ఇంకొకటి ఉంది. తింటాయి, నేనూ చూశాను. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. కొత్తగా పడిన మెత్తని మంచు కరిగితే దాని పరిమాణంలో పదో వంతు నీళ్లు కూడా రావడం కష్టం. పావు లీటరు నీళ్ల కోసం ఒక పెట్ట రెండున్నర లీటర్ల మంచును కొద్దికొద్దిగా పొడుచుకు తినాలి. అది చాలదన్నట్టు, ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి, కరిగిన నీళ్లు కోడి ఒంటి వేడి అయిన 41 డిగ్రీలకు చేరడానికి ఇంకో 170 పైచిలుకు కావాలి. పావు కిలో మంచుకు ఈ మొత్తం సుమారు 30 కిలో కేలరీలు అవుతుంది. రోజంతా తినే దాణాలోంచి వచ్చే శక్తి మూడు వందల కిలో కేలరీల పైన మాత్రమే ఉన్న పక్షి, అందులో దాదాపు పదో వంతును మంచు కరిగించుకోవడానికే ఖర్చు చేయాలన్నమాట. అందులోనూ అది ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ప్రతి గింజనూ వాడుకోవలసిన రోజున. చావకుండా ఉండటాన్ని బాగుండటంగా లెక్కగట్టే అలవాటు మనకు ఉంది. కోళ్ల విషయంలో ఆ అలవాటు మానుకోవాలని నా మనవి.

మరి గడ్డకట్టకుండా ఏం చేయాలి? ఇక్కడ నీటి స్వభావం కాస్త తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి. ఇరవై డిగ్రీల నీళ్లు సున్నాకు చల్లబడేటప్పుడు లీటరుకు 84 కిలోజౌళ్ల వేడి పోతుంది; సున్నా దగ్గరికి వచ్చాక అదే లీటరు పూర్తిగా గడ్డకట్టాలంటే ఇంకా 334 కిలోజౌళ్లు పోవాలి. దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, కాగిన నీళ్లు పోసినంత మాత్రాన మనకు దొరికే వ్యవధి మనం ఊహించుకున్నంత ఎక్కువేమీ కాదు. పైగా మరీ వేడి నీళ్లను కోళ్లు ముట్టవు. గోరువెచ్చగా ఉంటే ఇష్టంగా తాగుతాయి, అది చాలు. అసలు వ్యవధి దొరికేది నీళ్ల పరిమాణంలోనూ పాత్ర ఆకారంలోనూ. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పళ్లెం త్వరగా గడ్డకడుతుంది. లోతైన బకెట్టులో ఎక్కువ నీళ్లు ఉంటే నెమ్మదిగా కడుతుంది. నా పాత తొట్టిలో జరిగింది సరిగ్గా ఇదే: డబ్బాలోని నాలుగు లీటర్లు నిలబడ్డాయి, గాడిలోని గుక్కెడు నీళ్లు గడ్డకట్టాయి, కోళ్లకు అందేది ఆ గుక్కెడే. అందుకే తొట్టిలో మొత్తం ఎన్ని లీటర్లు ఉన్నాయన్నది కాకుండా, ముక్కు ముంచే చోట ఎంత లోతు ఉందన్నది చూడాలి. గాలి తగలకుండా అడ్డు పెట్టడం, ఎండ పడే చోట ఉంచడం, పాత్ర చుట్టూ థర్మోకోల్ లాంటిది చుట్టడం ఇవన్నీ మంచివే. కానీ అవి వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తాయే తప్ప కొత్తగా వేడి పుట్టించవు.

ఉప్పునీళ్ల సీసా చిట్కా గురించి నాకు గట్టి అభ్యంతరమే ఉంది. సీసాలో చిక్కని ఉప్పునీళ్లు నింపి తొట్టిలో తేలనిస్తే చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకట్టవని చాలామంది నమ్ముతారు. సీసాలోని ఉప్పునీళ్లు గడ్డకట్టవన్నది నిజం. అయితే వాటికి బయటి నీళ్లను వేడి చేసే శక్తి ఏమీ లేదు, బయటివి సున్నా దగ్గర తమ దారిన తాము గడ్డకడతాయి. సీసా గాలికి కదిలితే పైపొర కట్టడం కాస్త ఆలస్యం అవుతుంది, అంతే. దానికి ఉప్పు అవసరమే లేదు, ఒక బంతి వేసినా అంతే ఫలితం. మూత వదులై ఆ ఉప్పునీళ్లు తొట్టిలో కలిస్తే మాత్రం ముప్పు తప్పదు, ఎందుకంటే దాణాలో కలిసిన ఉప్పుకన్నా నీళ్లలో కలిసిన ఉప్పు కోళ్లకు ఎక్కువ హాని చేస్తుంది. గడ్డకట్టకుండా ఉండేందుకని తాగే నీళ్లలో ఏదైనా కలపాలన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని అక్కడే వదిలేయడం మంచిది.

వేడి పుట్టించే ఏర్పాట్లకు నేను వ్యతిరేకిని కాను. పొద్దున వెళ్లి రాత్రికి గాని ఇల్లు చేరనివాళ్లకు, రోజంతా సున్నాకు దిగువనే ఉండే చోట కోళ్లను పెంచేవాళ్లకు తొట్టి కింద పెట్టే హీటరు, లేదా బకెట్టులో మునిగి ఉండే హీటరు తప్పనిసరి. నీళ్లు దాదాపు గడ్డకట్టే దాకా వచ్చినప్పుడే వెలిగి, ఆ తర్వాత దానంతట అదే ఆగిపోయే థర్మోస్టాట్ ఉన్నదైతే కరెంటు వృథా కాదు. వంద వాట్ల హీటరు ఆగకుండా నడిస్తే రోజుకు రెండు యూనిట్ల పైన కాలుతుంది. కానీ ఎండుగడ్డి, ఈకల ధూళి, తడి, కరెంటు అన్నీ ఒకే చిన్న గూటిలో ఉంటాయన్న సంగతి ఒక్క క్షణం కూడా మరువకూడదు. తీగ కోళ్ల ముక్కుకు, ఎలుకల పంటికి అందకుండా గొట్టంలోంచి పోవాలి. అతుకులు నేలను తాకకూడదు, వాటి మీద నీళ్లు పడకూడదు. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే రక్షణ స్విచ్ ఆ లైనులో ఉండాలి. తొట్టి మీదికి వేడి బల్బును వేలాడదీయడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. 250 వాట్ల బల్బు ఒక కోడి రెక్క తగిలి గూటి నేల మీద పరిచిన పొట్టు మీద పడితే ఏమవుతుందో ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు.

హీటరు మీద నా అసలు ఫిర్యాదు వేరు. హీటరు కొన్నవాళ్లు తొట్టి దగ్గరికి వెళ్లడం తగ్గిస్తారు. అది మనిషి స్వభావం, నాలోనూ ఉంది. గడ్డకట్టే భయం పోగానే పని అయిపోయిందని అనిపిస్తుంది. కానీ కదలకుండా ఉన్న నీళ్లు చలికాలమంతా చల్లారకుండా, దాణా నలుసులు, పొట్టు, రెట్ట పడుతూ ఉంటే ఏమవుతుంది? తొట్టి లోపలి గోడను వేలితో రుద్ది చూడండి. జారుడుగా, సన్నగా ఒక జిగురు పొర తగులుతుంది. కంటికి నీళ్లు తేటగానే కనబడతాయి, వేలికి తెలుస్తుంది. అది సూక్ష్మజీవులు తమకు తాము కట్టుకున్న ఇల్లు. దానిలోపల ఉన్నవాటిని నీళ్లలో కలిపిన మందు కూడా సరిగా చేరలేదు. నీళ్లు పారబోసి కొత్తవి పోసినంత మాత్రాన ఆ పొర పోదు, పాత్రను రుద్దాలి. వేడిచేసే తొట్లను ఎత్తడం, తోమడం కాస్త ఇబ్బంది కనుక అవే అన్నిటికన్నా తక్కువసార్లు తోమబడతాయి.

చలికి క్రిములు చస్తాయి కదా అనే మాట కూడా నేను తరచుగా వింటాను. గడ్డకట్టడం నీళ్లను శుద్ధి చేయదు. ఈ.కోలి, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాలో కొంత భాగం మంచులో నిద్రలో ఉన్నట్టు ఉండిపోయి కరిగాక లేస్తాయి. బర్డ్ ఫ్లూ వైరస్ అయితే వేడిలో కన్నా చల్లని నీళ్లలోనే ఎక్కువ కాలం నిలుస్తుంది. అడవి బాతులు, నీటిపక్షుల రెట్ట ద్వారా అది నీళ్లలోకి చేరుతుంది. అందుకే తొట్టి కప్పు కింద ఉండాలి, చెరువులు, కుంటల నుంచి తెచ్చిన నీళ్లు పోయకూడదు, చుట్టుపక్కల పిట్టలకు ఆ తొట్టి స్నానఘట్టం కాకూడదు. నా గాడిలో మంచులో ఇరుక్కున్న ఆ రెట్టను తలచుకున్నప్పుడు నాకు ఇది మరింత స్పష్టమవుతుంది. గడ్డకట్టడం, మురికి కావడం అక్కడ ఒకే చోట, ఒకే కారణంతో జరిగాయి. నేను రెండు రోజులు దగ్గరికి వెళ్లకపోవడమే ఆ కారణం.

ఈ చిక్కులకు నిపుల్ డ్రింకర్లు మంచి జవాబని చెబుతారు. మూసిన బకెట్టుకు అమర్చిన చిన్న లోహపు మొనలను కోడి ముక్కుతో తాకితే చుక్కలు పడతాయి. నీళ్లలో రెట్ట పడదు, పొట్టు పడదు, గడ్డం కింద వేలాడే ఎర్రటి తమ్మెలు తడవవు. ఈ చివరిది చిన్న లాభం కాదు, ఎందుకంటే పెద్ద తమ్మెలున్న పుంజులు వెడల్పు గిన్నెలో తాగినప్పుడు అవి తడిసి, ఆ తడి మీద చలిగాలి తగిలి మంచుకాటుకు, అంటే చలికి కండ గడ్డకట్టి దెబ్బతినడానికి, గురవుతాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఆ మొనలో ఉండేది చుక్కెడు నీరు, చుట్టూ ఉండేది లోహం. తొట్టి మొత్తంలో మొదట గడ్డకట్టేది అదే. బకెట్టులో హీటరు ఉంటే పక్కకు అమర్చిన మొనలు అడుగున వేలాడేవాటికన్నా మెరుగ్గా నిలుస్తాయి. అయినా పొద్దున్నే ప్రతి మొననూ వేలితో నొక్కి చుక్క పడుతోందో లేదో చూడాల్సిందే. కొత్తగా వచ్చిన కోడికి దాన్ని వాడటం తెలియకపోతే నిండు బకెట్టు పక్కనే అది దాహంతో పడి ఉంటుంది, ఆ సంగతి బయటికి ఏమీ కనిపించదు. మూసి ఉన్న బకెట్టు లోపలి గోడకూ జిగురు పొర పడుతుంది, అది కూడా మూత తీస్తే గాని కనిపించదు.

తోమడం గురించి క్లుప్తంగానే చెబుతాను. రోజూ నీళ్లు మార్చేటప్పుడు బ్రష్‌తో ఒకసారి గట్టిగా రుద్దడం, వారానికోసారి సబ్బుతో మురికి పూర్తిగా వదిలించి ఆ తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడిగి ఎండబెట్టడం. మురికి ముందే వదిలించాలని ఎందుకు అంటున్నానంటే, రెట్ట, దాణా వంటివి ఉన్నచోట క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది. బ్లీచ్‌ను వెనిగర్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. తాగే నీళ్లలో వెనిగర్ కలిపే అలవాటున్నవాళ్లు జింకు పూత పూసిన రేకు తొట్లలో అది పోయకూడదు. ఆమ్లం జింకును కరిగించి నీళ్లలో దించుతుంది, అది కోళ్లకు విషం.

రాత్రి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో చేసే ఒక తప్పు ఇక్కడ ఉంది. రాత్రంతా దాహంతో ఉంటాయేమోనని తొట్టిని గూటి లోపల ఉంచుతారు. చీకటి పడ్డాక కోడి దండెం, అంటే రాత్రి ఎక్కి కూర్చునే కర్ర, దిగదు, నీళ్లు తాగదు. అది ఎక్కువగా తాగేది తెల్లవారి కిందికి దిగిన వెంటనే, మళ్లీ సందెవేళ దండెం ఎక్కే ముందు. రాత్రి మూసిన గూట్లో తొట్టి ఉంటే దానిలోంచి లేచే తేమ, ఒలికి పొట్టును తడిపే నీళ్లు, కోళ్ల ఊపిరిలోని తడి అన్నీ కలిసి గాలిని బరువెక్కిస్తాయి. ఆ తడి గాలే కోడి తల మీది ఎర్రటి జుట్టు కొసలను నల్లబరిచే మంచుకాటుకు దారి తీస్తుంది. పొడిగా ఉంటే కోడి చాలా చలిని ఓర్చుకుంటుంది, తడిగా ఉంటే ఓర్చుకోలేదు. అందుకని సందెవేళ కడుపు నిండా తాగనిచ్చి, తొట్టిని తీసేసి, తెల్లవారుతూనే కొత్త నీళ్లు పెట్టడం మంచిది. రాత్రంతా హీటరు నడపవలసిన పనీ తప్పుతుంది. కానీ దీనికి ఒక షరతు ఉంది. వెలుతురు పడగానే దానంతట అదే తెరుచుకునే తలుపు పెట్టించుకుని, తాము రెండు గంటల తర్వాత లేచేవాళ్లు ఉంటారు. ఆ రెండు గంటలూ రాత్రంతా ఎండిన గొంతులతో కోళ్లు ఖాళీ చోటు చుట్టూ తిరుగుతుంటాయి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో నీళ్లు అప్పుడు అక్కడ ఉండాలి. లేనప్పుడు తలుపు తెరుచుకునే వేళనే ఆలస్యం చేయాలి.

ఇంకొక సంగతి తొట్ల సంఖ్య గురించి. కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న కట్టుబాటు కఠినంగా ఉంటుంది. ఒకే తొట్టి ఉంటే పెత్తనం చేసే పెట్ట దాని పక్కనే నిలబడి, బలహీనమైన దాన్ని దగ్గరికి రానివ్వదు. మామూలు రోజుల్లో ఆ చివరి పెట్ట అందరూ తాగి వెళ్లేదాకా ఆగి తాగుతుంది. నీళ్లు గంటన్నరలో గడ్డకట్టే రోజున దాని వంతు వచ్చేసరికి మంచు మిగులుతుంది. ఆరు కోళ్లకు చలికాలంలో రోజుకు రెండు లీటర్ల లోపు నీళ్లు చాలు కదా, రెండు తొట్లు ఎందుకని నన్ను అడిగినవాళ్లున్నారు. రెండోది ఆ చివరి పెట్ట కోసం. రెండు తొట్లూ ఒకదానికొకటి కనబడనంత దూరంలో, మధ్యలో ఏదైనా అడ్డు ఉండేలా పెడితే ఒక్క పెట్ట రెండింటికీ కాపలా కాయలేదు. రెండింటి అంచులూ కోడి వీపు ఎత్తున, చదునైన రాళ్ల మీద ఉండాలి. నేల మీద ఉంటే కాళ్లతో చిమ్మిన చెత్తంతా అందులోకే పోతుంది. దండెం కింద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. పిల్లలున్న గూడైతే తొట్టి లోతు తక్కువగా ఉండాలి, అందులో గులకరాళ్లు వేయాలి, లేకపోతే మునిగిపోతాయి.

ఇప్పుడు నేను వాడుతున్నవి నల్లటి రబ్బరు గిన్నెలు, మొత్తం నాలుగు. రెండు బయట ఉంటాయి, రెండు ఇంట్లో తలుపు పక్కన ఉంటాయి. ప్లాస్టిక్ తొట్లను ఎందుకు వదిలేశానంటే నీళ్లు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి నావి రెండు పగిలిపోయాయి. రబ్బరు వంగుతుంది, పగలదు. బోర్లించి అంచు మీద కాలితో తొక్కితే మంచుగడ్డ ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. నలుపు కాబట్టి ఎండ ఉన్నంతసేపు కాస్త వేడి పీల్చుకుంటుంది. పొద్దున వెలుతురుతో పాటు గోరువెచ్చని నీళ్లున్న రెండు గిన్నెలు తీసుకెళ్తాను, మధ్యాహ్నం మార్చుతాను, సందెకు గంట ముందు మళ్లీ మార్చుతాను. మరీ చలిగా ఉన్న రోజున ఇంకో రెండుసార్లు వెళ్తాను. ఇంట్లో ఎవరూ ఉండని రోజుల కోసం థర్మోస్టాట్ ఉన్న హీటరు ఒకటి ఉంచుకున్నాను, దాన్ని ఆ రోజుల్లోనే వాడుతున్నాను. మార్చిన ప్రతిసారీ గిన్నె లోపల వేలితో రుద్ది చూస్తాను. జిగురు తగిలితే అది ఆ పూట మళ్లీ బయటికి వెళ్లదు.

మొన్న సందెవేళ రెండో గిన్నె దగ్గర నిలబడి, అందరికన్నా చివరిదైన బూడిదరంగు పెట్ట తాగుతుంటే లెక్కపెట్టాను. పదిహేడుసార్లు తల ఎత్తింది. పద్దెనిమిదోసారి ముక్కు ముంచబోయి, ఆగి, ముక్కును అంచుకు రెండువైపులా తుడుచుకుని, లోపలికి వెళ్లి దండెం ఎక్కింది. అడుగున మిగిలిన నీళ్లు పారబోసి, రెండు గిన్నెలూ తీసుకుని నేను ఇంట్లోకి వచ్చాను.